జ్వరానికి పేరు పెట్టే ముందు



చెనక్కాయ ధరలు, పాల బిల్లులు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన గొడవలు రాసుకునే ఈ పేజీలో ఈ రోజు పిల్లల జ్వరం గురించి రాస్తున్నా. పోస్టు పెద్దది. తీరిక లేనివాళ్ళు రాత్రి అన్నం తిన్నాక చదవండి. నేను డాక్టర్ని కాదు, ఇంటర్ దాకా చదివిన రైతుని. మందు పేరు, డోసు నన్ను అడగొద్దు, చెప్పను. జ్వరంతో కాలిపోతున్న పిల్లోణ్ణి భుజాన వేసుకుని తిరిగేటప్పుడు ఎవర్ని ఏం అడగాలో, అది మాత్రం చెప్తా.

మా చిత్తూరు పల్లెల్లో జ్వరానికి రెండే పేర్లు. మూడు రోజుల్లో తగ్గితే వైరల్. తగ్గకపోతే టైఫాయిడ్. ఈ మధ్య డెంగీ అని మూడో పేరు వచ్చి చేరింది, అది ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు పెట్టే పేరు. ఏ ఇంటికి పోయి అడిగినా "మావోడికి రెండుసార్లు టైఫాయిడ్ వచ్చింది", "మా ఆడబిడ్డకి ఏటా వస్తాది" అంటారు. సంక్రాంతి వచ్చినట్టు టైఫాయిడ్ ఏటా ఎందుకొస్తుంది అని ఎవరూ అడగరు. ల్యాబులో కాగితం రాసిచ్చినారు కదా అంటారు.

ముందు ఆ కాగితం సంగతే చెప్తా, ఎందుకంటే అసలు తిరకాసు అక్కడే ఉంది.

మన ఊళ్ళలో టైఫాయిడ్‌కి చేసే పరీక్ష పేరు విడాల్. 1896లో ఫ్రాన్సులో విడాల్ అనే డాక్టరు పేరు మీద వచ్చింది. అంటే మా ముత్తాత కాలం నాటి పరీక్ష. చవక, గంటలో తేలిపోతుంది, అందుకే ప్రతి చిన్న ల్యాబులో ఉంటుంది. ఇది రక్తంలో టైఫాయిడ్ క్రిమి ఉందా అని చూడదు. ఆ క్రిమి మీద పోరాడటానికి మన ఒళ్ళు తయారు చేసుకున్న పదార్థం ఉందా అని చూస్తుంది. యాంటీబాడీలు అంటారు దాన్ని.

మనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, అడవిపందులు రాకుండా చెనక్కాయ చేను చుట్టూ పాత చీరలు కడతాం చూడండి. ఎవరో దారిన పోయేవాడు ఆ చీరలు చూసి "ఈ చేలో ఇప్పుడు పంది ఉంది" అంటే నవ్వుతాం కదా. చీరలు పోయినేడు కట్టినవి కావొచ్చు. పక్క చేలోకి పంది వస్తే భయపడి మనం కట్టినవి కావొచ్చు. విడాల్ ఆ చీరల్ని లెక్క పెడుతుంది. ఇంతకు ముందెప్పుడో టైఫాయిడ్ వచ్చి పోయినా, టీకా వేయించుకున్నా, ఒక్కోసారి మలేరియా, డెంగీ లాంటి వేరే జ్వరం ఉన్నా అది పాజిటివ్ చూపించవచ్చు. మన నీళ్ళు, మన తిండి ఎట్లాంటివో తెలుసు కదా, ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా ఎంతో కొంత ఉంటుంది. పైగా నిజంగా టైఫాయిడ్ వచ్చినా ఈ యాంటీబాడీలు బాగా పెరగడానికి వారం పడుతుంది. వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగిందా అని చూస్తే ఏమైనా విలువ ఉంటుంది. అట్లా రెండుసార్లు చేయించినవాణ్ణి నా యాభై నాలుగేళ్ళలో ఒక్కణ్ణి చూడలేదు.

ఇదంతా నేను ఒక్క రోజులో నేర్చుకున్నది కాదు. పోయిన కార్తీకంలో మా తమ్ముడి మనవడికి జ్వరం వచ్చినప్పుడు ఒక్కొక్కరిని అడిగి అడిగి తెలుసుకున్నా.

వాడికి ఆరేళ్ళు. ఒకటో తరగతి. వాళ్ళ నాయన బెంగళూరులో కారు డ్రైవరు, తల్లి ఇక్కడే మా తమ్ముడి ఇంట్లో. చెనక్కాయ తీత రోజుల్లో బడి నుంచి వచ్చీ రాగానే వాడు చేలోనే ఉండేవాడు. కట్టె వామి మీద దొర్లడం, గట్టు మీద గడ్డిలో పడుకుని పచ్చికాయలు తినడం. కోత అయిపోయిన పది రోజులకు, ఒక శనివారం సాయంత్రం ఒళ్ళు వేడెక్కింది. ఆదివారానికి 103. మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి పారాసిటమాల్ సిరప్పు ఇచ్చినాడు. సోమవారం కూడా తగ్గకపోతే రక్తం తీయించమన్నాడు. పక్క టౌన్లో ల్యాబుకి నేనే బండి మీద తీసుకుపోయినా, తల్లి వెనక కూర్చుని వాణ్ణి ఒళ్ళో పెట్టుకుంది.

రిపోర్టులో విడాల్ 1:160 అని ఉంది. దానికింద ఎర్ర పెన్నుతో గీత. ఆ ల్యాబు పిల్లోడు మంచివాడే, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. వాణ్ణి అడిగినా.

"అబ్బాయా, ఇందులో క్రిమి కనపడిందా?"

"క్రిమి కనపడదు పెద్దాయనా. దాని మీద తయారైన బలం కనపడుతుంది."

"ఆ బలం ఎన్నాళ్ళకు తయారవుతుంది?"

"వారం పడుతుంది."

"వీడికి జ్వరం వచ్చి మూడు రోజులే కదా మరి?"

వాడు ఒక క్షణం ఆగి, "అది డాక్టర్ని అడగండి, నేను రిపోర్టు ఇవ్వడం వరకే" అన్నాడు. న్యాయమైన మాటే. వాడి పని అంతవరకే.

ఆర్‌ఎంపీని అడిగితే, "అన్నా, 1:80 దాటితే టైఫాయిడే. నేను ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నా" అన్నాడు. ఆ రోజు రాత్రి నుంచే సెలైను, పొద్దున సాయంత్రం ఇంజెక్షను. మా తమ్ముడింటి దూలానికి తాడు కట్టి సెలైను సీసా వేలాడదీసినారు. మీరందరూ చూసిన దృశ్యమే కదా ఇది.

ఇక్కడ పంట సంగతి ఒకటి చెప్పుకోవాలి. చెనక్కాయ చేలో ఆకు పచ్చగా కాకుండా పసుపు పచ్చగా మారితే మీరేం చేస్తారు? మందుల అంగడికి పోయి "ఆకు పసుపు పడింది" అంటే మూడు సీసాలు ఇస్తాడు. ఒకటి పురుగుకి, ఒకటి తెగులుకి, ఒకటి టానిక్కు. ఏదో ఒకటి తగులుతుందిలే అని. కానీ ముదురాకు ముందు పసుపు పడితే నత్రజని తక్కువ. లేత ఆకు పసుపు పడి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, అందులోనూ సున్నపు నేల అయితే, ఇనుము అందట్లేదని. దానికి లీటరు నీళ్ళకు ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడితే వారంలో తేరుకుంటుంది. మూడు సీసాల మందు కొడితే డబ్బు పోతుంది, ఆకు అట్లానే ఉంటుంది. ఏ ఆకు ముందు మారింది, కింద ఆకా పైన ఆకా అని వంగి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు అంగడివాడు చూడలేడు, చేను అంగడిలో లేదు కాబట్టి. కానీ పిల్లోడు మంచం మీదే ఉన్నాడు కదా.

గురువారానికి జ్వరం 104. పారాసిటమాల్ వేస్తే గంట రెండు గంటలు 101కి దిగి మళ్ళీ ఎక్కేది. వాడు మాట తగ్గించేసినాడు. ఎప్పుడూ నా జేబులో చెయ్యి పెట్టి చిల్లర తీసుకునేవాడు, "పెద్దతాతా" అని కూడా పిలవలేదు. కడుపు కొంచెం ఉబ్బినట్టు, ఊపిరి వేగంగా తీస్తున్నట్టు అనిపించింది. ఉచ్చ పొద్దున పోసినవాడు మధ్యాహ్నం దాకా పోయలేదు అని తల్లి చెప్పింది.

నేను పెద్దాసుపత్రికి పోదామన్నా. మా తమ్ముడు ఒప్పుకోలేదు.

"ఏడు రోజుల కోర్సు అన్నా. మూడు రోజులే అయింది. మధ్యలో మారిస్తే ముదురుతుందని చెప్పినాడు."

"ఏది ముదురుతుంది?"

"టైఫాయిడ్."

"అది టైఫాయిడ్ అని ఎట్లా తెలిసింది?"

"నువ్వేమన్నా డాక్టరువా అన్నా? మనకి రాత్రి పదకొండింటికి పిలిస్తే వచ్చేది అతనొక్కడే. రేపు అతను రాకపోతే?"

తమ్ముడి మాటలో భయం ఉంది, అర్థం ఉంది. పల్లెలో ఆర్‌ఎంపీతో చెడితే ఎంత కష్టమో పల్లెలో ఉన్నవాళ్ళకే తెలుసు. మా మరదలు ఏమీ మాట్లాడలేదు, చీర కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. బెంగళూరు నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్లో "మీరు పెద్దోళ్ళు ఏం చెప్తే అదే" అంటున్నాడు. చివరికి మాట్లాడింది తల్లి. "మామా, నాకు వాడు వాడిలా లేడు. పోదాం పదండి." అంతే. పిల్లోడికి స్నానం చేయించేది, అన్నం పెట్టేది, పక్కలో పడుకోబెట్టుకునేది తల్లి. "వాడు వాడిలా లేడు" అని తల్లి అంటే, ఏ కాగితం మీద ఏం రాసి ఉన్నా, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

బయల్దేరే ముందు నేను ఒక పని చేసినా. పెరట్లో చెత్తబుట్టలో పడేసిన ఖాళీ ఇంజెక్షన్ సీసాలన్నీ ఏరి క్యారీబ్యాగులో వేసుకున్నా. పురుగుమందు తాగినవాళ్ళని తీసుకుపోయేటప్పుడు డబ్బా కూడా తీసుకుపోవాలని మనకు తెలుసు కదా, అదే బుద్ధి. 108కి ఫోన్ చేసినాం, నలభై నిమిషాలకు వచ్చింది.

గవర్నమెంటు ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఒక చిన్న వయసు ఆవిడ. ఆమె ముందు కాగితాలు అడగలేదు. జ్వరం ఎన్నో రోజు, ఉచ్చ ఎప్పుడు పోసినాడు, వాంతులు, ఫిట్సు, దద్దుర్లు, అన్నీ అడిగింది. ఏ ఇంజెక్షన్లు వేసినారు అంటే తమ్ముడు "టైఫాయిడ్‌వి" అన్నాడు. నేను క్యారీబ్యాగు ఆమె టేబులు మీద పెట్టినా. సెఫ్ట్రియాక్సోన్ ఒకటి. ఇంకోటి డెక్సామెథాసోన్. రెండోది చూసి ఆమె మొహం మారింది. అది స్టిరాయిడ్ అట. వేసిన కాసేపు జ్వరం దించుతుంది, పిల్లోడు లేచి కూర్చుంటాడు, మనం సంతోషపడతాం. జబ్బు లోపల దాని పని అది చేసుకుంటూ పోతుంది.

అప్పుడు నేను అడిగినా, "సెఫ్ట్రియాక్సోన్ మూడు రోజులు పడినా జ్వరం దిగలేదంటే టైఫాయిడ్ కాదనేనా మేడమ్?"

"అట్లా చెప్పలేం పెద్దాయనా" అందామె. "నిజం టైఫాయిడ్ అయినా, సరైన మందు పడినా, జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం కూడా పడుతుంది. దిగలేదు కాబట్టి కాదు అనడం తప్పు. కానీ ఇంకేమైనా ఉందేమో చూడకుండా టైఫాయిడే అనడం కూడా తప్పు."

ఈ మాట నాకు చాలా నచ్చింది. నా వాదన గెలిపించే మాట కాదు, అయినా నచ్చింది.

తర్వాత ఆమె వాడి బట్టలన్నీ తీసేయించి, టార్చి లైటు వేసి, తల వెంట్రుకల నుంచి మొదలుపెట్టింది. చెవుల వెనక, మెడ, చంకలు. తర్వాత మొలతాడు పైకెత్తింది. దాని కింద, కుడివైపు గజ్జకి కొంచెం పైన, బీడీతో కాల్చినట్టు నల్లటి చిన్న పెచ్చు. చుట్టూ ఎర్రగా. పక్కన గజ్జలో బిళ్ళ కట్టి ఉంది. తల్లి వెంటనే అంది, "మొలతాడు ఒరుసుకుని పుండైందనుకున్నా మేడమ్, వాడు నొప్పి అనలేదు, గోకలేదు."

నొప్పి, దురద లేకపోవడమే దాని గుర్తట. స్క్రబ్ టైఫస్ అన్నారు.

మిరపలో తెల్లనల్లి, వంగలో ఎర్రనల్లి చూసినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. ఇది కూడా ఒక జాతి నల్లే. గడ్డి, పొదలు, గట్లు, ఎలుకలు తిరిగే చోట్ల ఉంటుంది. పెద్ద నల్లి మనల్ని కుట్టదు. దాని పిల్ల, కంటికి సరిగ్గా ఆననంతది, ఒంటి మీదకు ఎక్కి చంక, గజ్జ, మొలతాడు కింద, చెవి వెనక, ఇట్లాంటి మెత్తటి దాపు చోట కుడుతుంది. ఆవులకి పట్టే పిడుదులు వేరు, ఇది వేరు. కుట్టిన వారం పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం మొదలవుతుంది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే నెలల్లో మన పక్క ఎక్కువ. మనిషి నుంచి మనిషికి అంటదు. సకాలంలో సరైన మందు పడితే రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. వదిలేస్తే ఊపిరితిత్తులకు, మెదడుకు, కిడ్నీలకు పోతుంది, ప్రాణం తీస్తుంది. టైఫాయిడ్‌కి వాడే ఆ సెఫ్ట్రియాక్సోన్ దీనిమీద పని చెయ్యదు. వెయ్యి సీసాలు ఎక్కించినా అంతే. పని చేసేవి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్. పెద్ద ఖరీదు మందులు కూడా కావు. మళ్ళీ చెప్తున్నా, ఈ పేర్లు చూసి మందుల అంగడికి పరిగెత్తొద్దు, ఏది ఎంత ఎన్ని రోజులు అనేది బరువు, వయసు చూసి డాక్టరు రాయాలి.

ఇంకో మాట కూడా మేడమ్ గట్టిగా చెప్పింది. నల్లపెచ్చు అందరిలో ఉండదు. ఉంటే దాదాపు ఖాయం, లేకపోతే కాదని అర్థం కాదు. ఇందులో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కాబట్టి డెంగీ అని కూడా పొరపాటు పడతారు.

రక్తం తీసి ఐజీఎం ఎలైజా అనే పరీక్షకు పంపినారు, బ్లడ్ కల్చర్‌కి కూడా పంపినారు. రిపోర్టు కోసం కూర్చోలేదు, ఆ రాత్రే మందు మొదలుపెట్టి ఆక్సిజన్ పెట్టినారు. శుక్రవారం రాత్రి అంతా 103. మా తమ్ముడు వరండాలో నా పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. నాకూ లోపల భయమే. పంటకైతే మందు పనిచేయకపోతే ఇంకో మందు కొడతాం, పంట పోతే ఇంకో పంట. శనివారం తెల్లవారుజామున చెమటలు పోసినాయి. నర్సు వచ్చి థర్మామీటరు చూసి 99.6 అంది. మధ్యాహ్నానికి వాడు "ఉప్మా వద్దు, ఇడ్లీ కావాలి" అన్నాడు. నాకు అప్పుడు తెలిసింది వాడు మా వాడేనని. ఆరో రోజు ఇంటికి పంపినారు. ఎలైజా పాజిటివ్ వచ్చింది. కల్చర్‌లో టైఫాయిడ్ క్రిమి ఏమీ పెరగలేదు. అయితే అప్పటికే యాంటీబయాటిక్ పడింది కాబట్టి ఆ కల్చర్‌ని పూర్తిగా నమ్మలేమని ఆమే చెప్పింది. కల్చర్ అనేది మొదటి ఇంజెక్షన్ పడకముందే తీయాలట. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

డిశ్చార్జి రోజు ఆమె ఒక కథ చెప్పింది. టైఫాయిడ్ అనే పేరుకి అర్థమే "టైఫస్ లాంటిది" అట. ఈ రెండు జాతుల జ్వరాలను విడదీయలేక వెనకటి డాక్టర్లు కూడా తిప్పలు పడినారు. 1948లో మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, అమెరికా డాక్టర్లు క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందును స్క్రబ్ టైఫస్ రోగుల మీద పరీక్షిస్తున్నారు. స్క్రబ్ టైఫస్ అనుకుని మందిచ్చిన వాళ్ళలో టైఫాయిడ్ ఉన్నవాళ్ళు కూడా కలిసిపోయినారు. వాళ్ళకీ తగ్గింది. అట్లా ఆ మందు టైఫాయిడ్ మీద పనిచేస్తుందని బయటపడింది, చాలా ఏళ్ళు అదే టైఫాయిడ్ మందు అయింది. అంతటి డాక్టర్లకే పేరు తేడా పడినప్పుడు మా ఆర్‌ఎంపీకి పడటంలో వింత లేదు. అక్కడ వాళ్ళు మళ్ళీ రక్తం పరీక్షించి తేడా పట్టుకున్నారు, ఇక్కడ ఎవరూ మళ్ళీ చూడలేదు, అంతే తేడా.

ఊరికి వచ్చినాక ఆర్‌ఎంపీ దగ్గరకు నేనే పోయినా. పోట్లాటకు కాదు. అతను మొదట మొహం చూపించలేదు. టీ తాగినాక అన్నాడు, "అన్నా, జ్వరం వచ్చిన పిల్లకి నేను సిరప్పు ఇచ్చి, రెండు రోజులు చూద్దాం అంటే మీవాళ్ళు ఊరుకుంటారా? సూది వెయ్యలేదు, సెలైను పెట్టలేదు, వీడికేం తెలీదు అని పక్కూరికి పోతారు. ఏదో ఒక పేరు చెప్పాలి నేను." అతను చెప్పింది అబద్ధం కాదు. సూది వేస్తేనే వైద్యం అని మనమే నేర్పినాం. చక్కగా నీళ్ళు తాగగలిగే పిల్లకు కూడా సెలైను అడిగేది మనమే. అయినా స్టిరాయిడ్ సంగతి నేను వదల్లేదు. పసిపిల్లలకు అది వేస్తే నేను ఊరుకోనని మొహం మీదే చెప్పినా. సరే అన్నాడు.

ఇంతవరకు చదివి "డాక్టర్లంతా ఇంతే, ఎవర్నీ నమ్మకూడదు" అనుకునేవాళ్ళు ఉంటారు. ఆగండి, ఇంకొకటి చెప్తా.

మా దూరపు బంధువుల ఇంట్లో పదకొండేళ్ళ పిల్లకు డెంగీ వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినారు. తండ్రికి ఫోన్లో వీడియోలు చూసే అలవాటు. ప్రతిదానికీ ఎదురు ప్రశ్న. ప్లేట్‌లెట్లు ఎక్కించరా? బొప్పాయాకు రసం ఎందుకు ఇవ్వరు? బిల్లు కోసం ఉంచుతున్నారా? ఐదో రోజు జ్వరం దిగింది. పిల్ల లేచి కూర్చుంది. డాక్టరు, "ఇప్పుడే జాగ్రత్త, ఇంకో రెండు రోజులు ఉండాలి" అంటే ఇతను సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. డెంగీలో జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల్లోంచి నీరు బయటకు కారిపోయి బీపీ పడిపోతుంది. ఆ రాత్రే పిల్లకు కడుపునొప్పి, వాంతులు, కాళ్ళూ చేతులూ మంచులా చల్లబడినాయి. తిరుపతికి తీసుకుపోయి నాలుగు రోజులు ఐసీయూలో ఉంచితే బతికింది. అతను కూడా రోగ నిర్ధారణను ప్రశ్నించినవాడే. కానీ అతను అడిగిన ఒక్క ప్రశ్నకు కూడా జవాబు వినడానికి ఆగలేదు. జవాబు ముందే ఫోన్లో దొరికేసింది కదా.

మేము ఇప్పుడు ఇంట్లో పాటిస్తున్నది ఏమంటే, పిల్లకు జ్వరం రాగానే పాల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ తీసి రాస్తాం. ఏ రోజు మొదలైంది, ఏ గంటకు ఎంత, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు, ఉచ్చ ఎన్నిసార్లు. సిరప్పు సీసాల్లో కూడా బలం తేడా ఉంటుంది, ఐదు మిల్లీలీటర్లకు 120, 125 ఒకటి, 250 ఇంకొకటి. మూత ఒకటే, మోతాదు రెట్టింపు. అందుకే సీసా పేరు కూడా రాస్తాం. ఆస్పిరిన్, నొప్పి ఇంజెక్షన్లు డెంగీ కాలంలో వద్దని గట్టిగా చెప్తాం. దుప్పటి కప్పి చెమట పట్టించడం మానేసినాం, మా అమ్మ మాత్రం ఇంకా గొణుగుతుంది. డాక్టరు దగ్గర అడిగేది మూడు నాలుగు మాటలే. ఇదే జబ్బు అని ఎందుకు అనుకుంటున్నారు, ఇంకేం అయ్యుండొచ్చు, ఎన్ని రోజుల్లో తగ్గాలి, తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు. మేము పొలంలో, మేకల వెంట తిరిగేవాళ్ళం అని అడగకపోయినా చెప్తాం. బట్టలిప్పి ఒళ్ళంతా ఒకసారి చూడమంటాం. ఈ మాటలకు కోప్పడిన డాక్టరు ఇంతవరకు తగల్లేదు. ఒకాయన విసుక్కున్నాడు గానీ చూసినాడు.

ఇవేవీ అడిగే టైము లేని సందర్భాలు ఉన్నాయి. పిల్ల నీళ్ళు కూడా తాగలేకపోతే, తాగినవన్నీ కక్కుతుంటే, ఫిట్సు వస్తే, లేపితే లేవకుండా మగతగా ఉంటే, డొక్కలు ఎగరేస్తుంటే, ఆరు గంటలైనా ఉచ్చ పోయకపోతే, ఎక్కడన్నా రక్తం కనిపిస్తే, కాళ్ళూ చేతులూ చల్లబడితే, రాత్రి రెండైనా సరే బయల్దేరాలి. తర్కం ఆంబులెన్సులో చేసుకోవచ్చు.

చేలో కూడా కొంచెం మారినాం. పిల్లల్ని గడ్డి మీద ఉత్త ఒంటితో పడుకోనివ్వడం లేదు, పట్ట వేస్తున్నాం. పొలం నుంచి రాగానే బట్టలు మార్చి స్నానం. ఇంటి చుట్టూ గడ్డి చెక్కేసినా, కట్టె వామిని ఇంటికి దూరంగా వేసినా, ఎలుకలు తగ్గినాయి.

మొన్న పదిహేను రోజుల కిందట మా ఆర్‌ఎంపీ నాకు ఫోన్ చేసినాడు. ఎస్సీ కాలనీలో తొమ్మిదేళ్ళ పిల్లకు ఐదు రోజులుగా జ్వరం అట. "అన్నా, టార్చి వేసి చంకలో, గజ్జలో, చెవుల వెనక అంతా చూసినా, ఎక్కడా పెచ్చు లేదు. అయినా నేను ఇంజెక్షన్ మొదలుపెట్టలేదు, కల్చర్ తీయించాలి, పంపిస్తున్నా. ఆటో దొరకట్లేదు." నేనే ఆటో మాట్లాడి పంపినా. అదే ఆసుపత్రి, అదే మేడమ్. మూడో రోజుకు కల్చర్ రిపోర్టు వచ్చింది. ఆ పిల్లకు టైఫాయిడే. ఈసారి నిజం టైఫాయిడ్.